తలుపు రెండో చివర

మంగళవారం పొద్దున్నే తల్లి చర్చికి వేసుకునే ముదురు నీలం గౌను వేసుకుని కూర్చోవడం చూడగానే ఎలోదియాకు అనుమానం మొదలైంది. మంగళవారం చర్చి లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే పని లేదు. తెలిసినవాళ్లలో ఎవరూ పోలేదు. అయినా ఎనభై ఐదేళ్ల ప్రాక్సెదిస్ వంటింటి కుర్చీలో వీపు నిటారుగా పెట్టుకుని, ఒళ్లో దువ్వెన పెట్టుకుని కూతురి కోసం ఎదురు చూస్తోంది.

"ఎక్కడికమ్మా, పెళ్లికా?"

"ఎక్కడికీ లేదు. జడ వెయ్యి. గట్టిగా వెయ్యి, సాయంత్రం దాకా ఊడకూడదు."

తండ్రి మకారియో పోయినప్పటి నుంచి, అంటే పదకొండేళ్లుగా, తల్లికి జడ వేయడం ఎలోదియా పని. నెత్తి మీద, నడినెత్తికి కొంచెం వెనకగా, నాణెమంత మేర వెంట్రుక మొలవదు. అక్కడ చర్మం నున్నగా మెరుస్తుంటుంది. చిన్నప్పుడు ఏ తామరో వచ్చి పోయిన మచ్చ అనుకుంటుంది ఎలోదియా. తల్లి ఎప్పుడూ చెప్పలేదు, తనూ అడగలేదు. పాపిడి పక్కకు తీసి, పక్క జుట్టు తెచ్చి ఆ మచ్చ మీద కప్పి, రెండు పిన్నులు గుచ్చడం అలవాటైపోయింది. ఆ పొద్దున కూడా అలాగే చేసింది.

జడ అయ్యాక ముసలమ్మ అద్దం అడిగింది. అద్దం అడిగి నాలుగేళ్లయింది. ఎలోదియా అద్దం తెచ్చి ఇచ్చి, పొయ్యి దగ్గరికి వెళ్లి పిండిరొట్టెలు వత్తడం మొదలుపెట్టింది. బల్ల దగ్గర భర్త రుతీలియో, కోడిగుడ్డు కలిపి వేపిన నాగజెముడు ముక్కల్ని రొట్టెలో చుట్టుకుని తింటున్నాడు. నారింజపళ్ల షెడ్డులో నలభై ఏళ్లు పెట్టెలకు మేకులు కొట్టి రిటైరయ్యాక అతనికి మిగిలిన ఉద్యోగం ఇంట్లో వాళ్ల సంగతులు కనిపెట్టడమే.

ముసలమ్మ లేచి తన గదిలోకి వెళ్లేదాకా ఆగి, అతను గొంతు తగ్గించాడు.

"నిన్న నువ్వు మార్కెట్టుకెళ్లినప్పుడు మీ అమ్మ నాచేత ఫోను నొక్కించింది."

"ఎవరికి?"

"ప్రొఫెసరు గారికి. ఇంకెవరికి? గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంది. అరగంట."

"ఏం మాట్లాడింది?"

"నాకేం తెలుసు? నేను చెవి పెట్టే మనిషినా?"

ఎలోదియా అప్పడాల కర్ర చేతిలో పట్టుకుని అతని వంక చూసింది.

"సరే, పెట్టాను," అన్నాడు రుతీలియో. "తలుపు మందం. ఒక్కటే వినపడింది. నోటుపుస్తకం అంది. రెండుసార్లు అంది. తర్వాత, దానికి చెప్పకు, నువ్వు రా, అంది. ఆ 'అది' ఎవరంటావు?"

పెనం మీద రొట్టె మాడింది. ఎలోదియా దాన్ని తీసి పక్కన పడేసి ఇంకొకటి వేసింది. అదీ మాడింది.

నోటుపుస్తకం సంగతి ఈ ఇంట్లో నోరెత్తి మాట్లాడుకునే విషయం కాదు. మాట్లాడుకోవాలంటే ఆన్సెల్మో నుంచి మొదలుపెట్టాలి. ఎలోదియా కన్నా మూడేళ్లు చిన్న. శాన్ ఆంటోనియోలో పెద్ద ప్రొఫెసరు, ఏడు పుస్తకాలు రాసినవాడు. ఇక్కడ తమ ఊరు వెస్లకో లైబ్రరీలో గుమ్మం ఎదురుగా అతని ఫొటో ఉంది. పోస్టాఫీసులో అతికించే దొంగల ఫొటోలు తప్పిస్తే, ఈ వీధిలో పుట్టినవాడి ఫొటో గోడకెక్కడం అదే మొదలు. మొదటి పుస్తకం అట్ట మీద ఒక ఆడమనిషి వీపున తలుపు మోసుకుంటూ నడుస్తుంటుంది. అందులో మొదటి కథ వాళ్ల అమ్మమ్మ తొమాసాది. అది బళ్లో పాఠమైంది. బడి వంటశాలలో ఎలోదియా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసింది. పిల్లలు ఒక చేత్తో ఆ పుస్తకం, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని వరసలో వచ్చేవాళ్లు. "ఇది మీ తమ్ముడు రాసిందటగా ఆంటీ?" అనేవాళ్లు. "అవునమ్మా" అని ఎలోదియా చిక్కుడుగింజలు వడ్డించేది.

కథ రాసింది ఎలోదియా.

అప్పట్లో ఏటా ఏప్రిల్ రాగానే ఇంటి కిటికీలకు చెక్కలు కొట్టి, పిల్లల్ని బడి మానిపించి, ట్రక్కెక్కి ఉత్తరానికి పోయేవాళ్లు. మిషిగన్‌లో ఊరగాయ కంపెనీ వాళ్ల కీరదోస చేలు. నలుగురూ వంగి కోసేవాళ్లు, నలుగురి బకెట్లూ ఒకే గోతంలోకి పోసేవాళ్లు. కాటా దగ్గర చీటీ మీద ఒకే పేరు, మకారియోది. ఎవరి బకెట్టు ఏదని అడిగినవాళ్లు లేరు, అడగాలని ఎవరికీ తోచలేదు. ఎలోదియాకు పద్నాలుగేళ్లు, బడికి అప్పటికే సున్నా చుట్టేశారు. ఆన్సెల్మోకు పదకొండు, సెప్టెంబరులో అక్కడి బడికి పోతున్నాడు. మీ ఇంట్లో ఒకరి గురించి రాసుకు రమ్మంది టీచరు. వాడికి జ్వరం. రెండు సాయంత్రాలు చేలోంచి వచ్చి, గుడిసె మెట్ల మీద కూర్చుని, ఇంగ్లీషులో ఎలోదియా రాసింది. వాడు తన దస్తూరీలో ఎక్కించుకుని ఇచ్చాడు. దానికి బహుమతి వచ్చింది. ఆ టీచరు వాడి మీద కన్నేసింది, ఉత్తరాలు రాసింది, హైస్కూలుకి సిఫారసు చేసింది. అక్కణ్ణుంచి వాడు వెనక్కి చూడలేదు.

అప్పుడు ఎలోదియాకు బాధేం లేదు. ఒకే గోతం కదా. బాధ మొదలైంది ముప్ఫై ఏళ్ల కిందట, పుస్తకం చేతికొచ్చినప్పుడు. ముందుమాటలో, "పదకొండో ఏట నేను రాసిన మొదటి కథ" అని అచ్చేశాడు. ఆ ఒక్క వాక్యం చేపముల్లులా గొంతులో దిగి అక్కడే ఉండిపోయింది. తన జీవితంలో తనదంటూ ఉన్నది ఆ రెండు సాయంత్రాలే. నోటుపుస్తకాన్ని ఆమె పారేయలేదు. క్రిస్మస్ బొమ్మల పెట్టెలో, పశువుల పాక కింద, గుడ్డలో చుట్టి దాచింది. ఏటా డిసెంబరులో బొమ్మలు తీసేటప్పుడు ఒకసారి చూసుకుని మళ్లీ పెట్టేది.

"పేపర్లో పడింది కదా," రుతీలియో ఇంకో పుల్ల పెట్టాడు. "యూనివర్సిటీ వాళ్లు మీ తమ్ముడి కాగితాలన్నీ తీసుకుని ఒక గదిలో పెడతారట. ఉత్తరాలు, చిత్తుప్రతులు, చిన్నప్పటి నోటుపుస్తకాలు. అద్దాల బీరువాలో."

"నోరు మూసుకుని తిను."

"తింటూనే ఉన్నాను. చిన్నప్పటి నోటుపుస్తకాలు, అని రాశారు. నేను కలిపింది కాదు."

ఎలోదియా పొయ్యి ఆర్పి వెనక గదిలోకి వెళ్లింది. మంచం కింద నుంచి క్రిస్మస్ పెట్టె లాగింది. మూత తీసింది. జోసెఫ్ బొమ్మ బోర్లా పడుంది. గొర్రెలు పాకలో ఉన్నాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ పెట్టె సర్దింది తను. గొర్రెల్ని విడిగా పాత సాక్సులో పెడుతుంది, చెవులు విరుగుతాయని. ఎవరో తీసి చూశారు. నోటుపుస్తకం మాత్రం ఉంది. గుడ్డ ముడి వేరేగా ఉంది.

ఆమె దాన్ని పొట్ట దగ్గర దాచుకుని వంటింట్లోకి వచ్చి, పిండి డబ్బాలో అడుగున దూర్చి, పైన పిండి సర్దింది. సాక్ష్యం ఇది ఒక్కటే. ఇది అద్దాల బీరువాలోకి వెళ్తే తాళం వాడి చేతిలో ఉంటుంది. వెళ్లకపోతే పొయ్యిలోకే. వాడు ఏడు పుస్తకాల మనిషి, తను పళ్లేలు కడిగిన మనిషి. ఎవరి మాట నమ్ముతారు? అమ్మ కూడా వాడి పక్షానే చేరిందంటే ఇక చెప్పడానికేముంది? పదకొండేళ్లుగా స్నానం చేయించింది తను, జడ వేసింది తను, మందులు మింగించింది తను. ఫోను మాత్రం వాడికి. ఎలోదియా చేతులు కడుక్కుంది.

పదకొండింటికి ఆన్సెల్మో కారు ఆగింది. నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర అతుకులున్న కోటు, చేతిలో రొట్టెల కొట్టు సంచి. అక్కను కౌగలించుకున్నాడు గానీ ముఖంలోకి చూడలేదు. ఎలోదియా అది గమనించింది. ఆ రోజు ఆమె గమనించనిది లేదు.

"సెలవులా?" అంది.

"కాదక్కా. ఊరికే, అమ్మను చూద్దామని."

"మంగళవారం. పాఠాలు మానేసి. నాలుగు గంటలు కారు తోలుకుని. ఊరికే."

"పంపర పనసలు పూసి ఉంటాయి కదా. ఆ వాసన చూడాలనిపించింది."

"చూడు మరి. చెట్టు అక్కడే ఉంది."

తల్లీకొడుకులు వెనక దొడ్లో పంపర పనస చెట్టు కింద కుర్చీలేసుకున్నారు. ఎలోదియా కిటికీ దగ్గర నిలబడి, కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగింది. ముసలమ్మ వేలు చూపిస్తూ ఏదో అడుగుతోంది. కొడుకు తల వంచుకుని ఉన్నాడు. చెట్టు మీద నల్లపిట్టలు గోల చేస్తున్నాయి, ఒక్క ముక్క వినపడదు. దాల్చినచెక్క వేసిన కాఫీ రెండు కప్పుల్లో పోసుకుని వెళ్లింది. ఆమె నీడ పడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

"ఈసారి గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు ఆన్సెల్మో.

"అవును, గాలి," అంది తల్లి.

ఆకు కదలడం లేదు.

కప్పులు అక్కడ పెట్టి రాబోతుంటే వెనక నుంచి పిలిచాడు. "అక్కా, ఆ క్రిస్మస్ పెట్టె ఇప్పుడు ఎక్కడ పెడుతున్నావు?"

"మార్చి నెలలో ఏసు బాలుడితో ఏం పనిరా నీకు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు కూడా అంతే, అబద్ధం నోట్లోంచి రాకముందే చెవులు చెప్పేవి. "ఏం లేదు. ఊరికే అడిగాను."

"ఇవాళ అన్నీ ఊరికే," అని ఎలోదియా లోపలికి వచ్చేసింది. ఇంక ఆగదలచుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి నలుగురూ కూర్చున్నారు. పప్పు పులుసు, అన్నం, ఉపవాస రోజులని బెల్లం పాకంలో నానబెట్టి చేసిన రొట్టె తీపి. రుతీలియో తప్ప ఎవరూ తినడం లేదు. తల్లి చెంచాతో పులుసు కలుపుతూ కూర్చుంది. ఆన్సెల్మో గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నీతో ఒక విషయం ఎలా మొదలుపెట్టాలో తెలియక..."

"నేను మొదలుపెడతాలే."

ఎలోదియా లేచింది. పిండి డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి నోటుపుస్తకం బయటికి లాగింది. పిండి దులపకుండానే తెచ్చి తమ్ముడి పళ్లెం ముందు పడేసింది. తెల్లటి పొగ లేచి వాడి కోటు మీద పడింది.

"దీనికోసమేగా వచ్చింది? తీసుకో. తెరువు. ఎవరి దస్తూరీయో పైకి చదువు, మీ బావ కూడా వింటాడు."

రుతీలియో నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆన్సెల్మో పుస్తకం తెరవలేదు. దాని మీద అరచెయ్యి పెట్టాడు. "నీ దస్తూరీ," అన్నాడు.

"గట్టిగా."

"నీది అక్కా. మొత్తం నీది. నేను ఎక్కించి రాసుకున్నాను. నాకు తెలుసు, ఏ రోజూ మర్చిపోలేదు."

ఒప్పుకోడనుకుంది. ఒప్పుకోకపోతే అనాల్సిన మాటలు ముప్ఫై ఏళ్లుగా పేర్చుకుంది. అవన్నీ ఇప్పుడు ఎందుకూ పనికి రాకుండా పోయాయి. అది ఇంకా కోపం తెప్పించింది.

"తెలిసే అచ్చేశావా? నేను రాసిన మొదటి కథ అని?"

"అప్పుడు బళ్లో... ఆ కాగితం పైన పేరు రాయడానికి ఒక్క గీతే ఉంది. నా పేరు రాశాను. పదకొండేళ్లవాణ్ని, తప్పనిపించలేదు. పుస్తకం వేసేటప్పుడు తెలుసు తప్పని. చెబితే మొదటి పుస్తకం పోతుంది, ఉద్యోగం పోతుంది అనుకున్నాను. రెండో పుస్తకంలో చెబుదామనుకున్నాను. రెండోది వేశాక మూడో దాంట్లో చెబుదామనుకున్నాను."

"ఏడయ్యాయి."

"అవును. ఏడయ్యాయి. పిరికితనానికి సామాజిక కారణాలు కూడా..."

"ఇది నీ క్లాసురూం కాదు. మామూలుగా మాట్లాడు."

"పిరికితనం," అన్నాడు ఆన్సెల్మో. "అంతే."

"మరి ఇవాళెందుకొచ్చావు? అద్దాల బీరువాలో పెట్టడానికా, తగలెయ్యడానికా?"

"వాణ్ని రమ్మన్నది నేను," అంది ప్రాక్సెదిస్.

అప్పటిదాకా ఆమె ఉన్న సంగతే మర్చిపోయారు. ముసలమ్మ చెంచా పక్కన పెట్టి, గౌను మడత సరిచేసుకుంది.

"కోర్టుకెళ్లేటప్పుడు మంచి బట్టలు వేసుకుంటారు కదా. అందుకే వేసుకున్నాను. నువ్వు కూర్చో ఎలోదియా. తల పైకెత్తి చూడ్డానికి నా మెడ నొప్పి."

ఎలోదియా కూర్చుంది.

"ఈ పుస్తకం ఇప్పుడు ఇంగ్లీషులోంచి మన ఇంటి భాషలోకి వచ్చింది. పక్కింటి కూకా కొనుక్కుంది. శుక్రవారాలు చర్చిలో ప్రార్థన అయ్యాక నాకు చదివి వినిపిస్తోంది. మూడు శుక్రవారాలైంది. ముప్ఫై ఏళ్లుగా నా కొడుకు రాసిన పుస్తకం గురించి ఊరంతా నాతో మాట్లాడతారు. నేను తలూపుతాను. అందులో ఏముందో ఈ ఇంట్లో ఒక్కరు నాకు చదివి పెట్టలేదు. మీ ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు. ఒక్కరికీ తీరిక దొరకలేదు."

ఆన్సెల్మో తల వంచుకున్నాడు.  ఎలోదియా చదివి వినిపించకపోవడానికి కారణం వేరే, కానీ అది పైకి చెప్పేది కాదు.

"విన్నాక వీడికి ఫోను చేసి ఒక మాట అడిగాను. అలా రాయమని నీకెవరు చెప్పార్రా అని. అక్క నోటుపుస్తకంలో అలాగే ఉందమ్మా, అన్నాడు. అప్పుడే తెలిసింది నాకు, రాసింది నువ్వని. దాన్ని అడుగుతానంటే, వద్దు, నేనొచ్చాక అడుగు, అన్నాడు. సరే, అప్పటిదాకా దానికి చెప్పకు, నువ్వు రా, అన్నాను. వీడి భయం వీడిది. ఏటా డిసెంబరులో నువ్వు ఆ గుడ్డ విప్పి చూసుకోవడం నాకు కనపడుతూనే ఉంది, అందుకే పెట్టె నేనే తీసి చూశాను. చదువు రాదు కదా, తిప్పి చూసి మళ్లీ కట్టాను. నల్లచీమలు పాకినట్టుంది." ఆమె నోటుపుస్తకాన్ని కూతురి ముందుకు తోసింది. "చదువు. కూకా చదివింది వీడి పుస్తకం. నాకు నీది వినాలని ఉంది."

"ఇప్పుడా?"

"ఇంకెప్పుడు? నాకేమన్నా ఇరవై ఏళ్లా?"

ఎలోదియా పిండి దులిపి మొదటి పేజీ తెరిచింది. పద్నాలుగేళ్ల పిల్ల పెన్సిలు రాత, అక్కడక్కడా దోసాకు పసరు మరకలు. ఒక వాక్యం కళ్లతో ఇంగ్లీషులో చదువుకుని, అమ్మకు వచ్చిన తమ ఇంటి భాషలో పైకి చెప్పడం మొదలుపెట్టింది.  ఎన్నాళ్లకో తన కథ, తన నోటితో.

"మా ఊరి బావి ఎండిపోయిన ఏడాది..."

"కుక్కలు కూడా ఊరొదిలి పోయాయి," అంది తల్లి.

ఎలోదియా ఆగింది. తర్వాతి వాక్యం అదే. చదవబోయింది.

"జనం వదిలేసిన ఇళ్లు పీకి..."

"పొయ్యిలో పెట్టుకున్నారు. ముందు దూలాలు, తర్వాత గడపలు." ముసలమ్మ కళ్లు మూసుకుంది. ఆమె ఎదురుగా పుస్తకం లేదు, ఉన్నా చదవలేదు. "మా అమ్మ తొమాసా ఇంటి తలుపు మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు. ఆ తలుపు మా నాన్న చేసింది. చేసిన ఏడాదే పోయాడు. గోడలు మట్టివి, ఎక్కడైనా మట్టి దొరుకుతుంది, తలుపు దొరకదు అంది."

మా అమ్మ, మా నాన్న అన్నచోట అమ్మమ్మ, తాత అని ఉండడం తప్ప ఒక్క మాట తేడా లేదు. ఎలోదియా వేలు పంక్తి మీద నడుస్తోంది, తల్లి గొంతు వేలికి ఒక అడుగు ముందే ఉంటోంది. రుతీలియో నమలడం మానేసి ఒకరి నుంచి ఒకరి వైపు చూస్తున్నాడు.

అప్పుడు ఎలోదియాకు చెవుల్లో వినపడింది. దోస చేను, ముందు సాలులో వంగిన తల్లి వీపు. బకెట్టు నిండేదాకా చెప్పి, గోతంలో పోసి వచ్చి, వదిలిన చోట అందుకునేది. ఎండ మర్చిపోవడానికి, పిల్లలు ఆగిపోకుండా ఉండడానికి. ఆ వేసవి అంతా చెప్పింది. తను గుడిసె మెట్ల మీద కూర్చుని కల్పించింది ఏమీ లేదు. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో పెట్టింది. రాయడం తనదే. కథ తనది కాదు. ముప్ఫై ఏళ్లుగా, నాది, నాది, అని పెట్టెలో దాచుకున్నది అమ్మ బకెట్టు.

 ఆపేద్దామనుకుంది.

"చదువు," అంది తల్లి కళ్లు మూసుకునే.

"ఒక రోజు తెల్లవారుజామున అమ్మమ్మ తలుపు ఊడదీసి, వీపుకెత్తుకుని, ఒక్కతే..."

ఈసారి ముసలమ్మ అందుకోలేదు. కళ్లు తెరిచింది.

"ఒక్కతే అని ఉందా?"

"ఉంది."

"నువ్వే రాశావా ఆ మాట?"

"నేనే రాశాను."

"కూకా అది చదివినప్పుడు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా కొడుకు తప్పు రాశాడని దాని ముందు ఎలా అనను? ఇంటికొచ్చాక రాత్రి అన్నం దిగలేదు." తల్లి గొంతులో కోపం లేదు. అదే భరించలేకుండా ఉంది. "అది తుమ్మచెక్క తలుపు ఎలోదియా. వరదలో కొట్టుకుపోకపోతే మీకు చూపించేదాన్ని. మీ ఆయనలాంటివాళ్లు ఇద్దరు కావాలి ఎత్తడానికి. ఆడది ఒక్కతే సరిహద్దు నది దాకా మూడు రోజులు ఎలా మోస్తుందే?"

ముసలమ్మ రెండు చేతులూ బల్ల అంచు కింద పెట్టి, ఎత్తుతున్నట్టు చూపించింది.

"ముందు చివర మా అమ్మ వీపు మీద. వెనక చివర?"

ఎలోదియాకు తెలుసు. ఇప్పుడు గుర్తొచ్చింది, దోస చేలో ఆ మాట కూడా వినపడింది. వెనక నేను, తొమ్మిదేళ్లదాన్ని, దారి కనపడదు, అమ్మ మడమలే కనపడతాయి, ఆ మడమల్ని చూస్తూ నడిచాను. అంత బాగా చెప్పింది అమ్మ. అది విని, మెట్ల మీద కూర్చుని, తనే కొట్టేసింది. ఒక్కతే నడిస్తే కథ బాగుంటుందని. కొట్టేసి, కొన్నాళ్లకు తను రాసిందే నిజమనుకుని, అమ్మ చెప్పింది మర్చిపోయింది.

"టీచరు ఒక్కరి గురించే రాయమందమ్మా," అంది.

అన్నాక ఆ మాట తన చెవిన పడింది. బల్లకు అటు పక్క నుంచి ఆన్సెల్మో అక్క వైపు చూశాడు. ఆ పొద్దున్నుంచి వాడు సూటిగా ఆమె ముఖంలోకి చూడడం అదే మొదలు. ఆ చూపులో గెలుపేమీ లేదు. ఇద్దరూ తప్పు చేసి ఒకే గోడ దగ్గర నిలబడిన పిల్లల్లా ఉన్నారు.

"జీవితమంతా నేను కోసింది మీ నాన్న చీటీ మీద తూచారు," అంది తల్లి. "దానికి నేను ఎప్పుడూ ఏడవలేదు. అందరికీ అంతే అనుకున్నాను. ఇది మాత్రం... కొడుకు పుస్తకంలో ఉంటాననుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఉన్నాననే అనుకుంటూ వచ్చాను."

ఎలోదియా నోటుపుస్తకం మూసి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అరవై రెండేళ్ల మనిషి, బళ్లో పిల్లల ముందు గానీ భర్త ముందు గానీ ఎప్పుడూ అలా ఏడవలేదు. ఆన్సెల్మో లేచి వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె విదిలించుకోలేదు.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు వాడు.

"నన్ను కూడా," అంది ఎలోదియా.

"క్షమించానని ఎవరన్నారు? ముందు సరిగ్గా రాయండి. నాకు వచ్చిన భాషలో రాసి, నాకు చదివి వినిపించండి. బాగుంటే అప్పుడు చూద్దాం." ముసలమ్మ పులుసు గిన్నె దగ్గరికి లాక్కుంది. "చల్లారిపోయింది. అల్లుడూ, నీ ముక్కు కింద పిండి. తుడుచుకో."

రుతీలియో తుడుచుకుని, నోట్లో ముద్ద మింగి, నెమ్మదిగా అన్నాడు. "అత్తయ్యా, ఆ నోటుపుస్తకం ఇప్పుడు అద్దాల బీరువాకి వెళ్తుందా, పిండి డబ్బాలోకి వెళ్తుందా?"

"నా గదిలో ఉంటుంది. నా తలగడ కింద."

ఆన్సెల్మో ఆ రోజు తిరిగి వెళ్లలేదు. పాఠాలు లేవని ఫోను చేసి చెప్పాడు. సాయంత్రం ఎండ తగ్గాక చెట్టు కింద కొత్త కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి చెబుతోంది. మధ్యమధ్య, "అలా కాదు, కొట్టెయ్యి," అంటోంది. ఏడు పుస్తకాలు రాసినవాడు బుద్ధిగా కొట్టేస్తున్నాడు. వాడు పంక్తి దాటేస్తే ఎలోదియా, "అమ్మ మడమలు అంది, కాళ్లు అనలేదు," అని దిద్దుతోంది.

చెప్తూ చెప్తూ తల ఊపడం వల్ల ముసలమ్మ పిన్నులు జారాయి. "జడ ఊడింది. గట్టిగా వెయ్యమన్నానా?" అంది. ఎలోదియా దువ్వెన తెచ్చి కుర్చీ వెనక నిలబడింది. పాపిడి పక్కకు తీయబోయి ఆగింది. వేలి కొస ఆ నున్నటి మచ్చ మీద ఉంది.

"అమ్మా, ఇది..."

"తలుపు గడియ కొక్కెం. అది నా వైపు చివరే ఉండేది, మూడు రోజులూ నా నెత్తిన ఒరుసుకుంది. మా అమ్మ గుడ్డ మడిచి పెట్టింది గానీ, రెండో రోజుకి గుడ్డ ఎక్కడో పడిపోయింది."

పదకొండేళ్లు. రోజూ పొద్దున్నే దాని మీద జుట్టు కప్పి పిన్ను గుచ్చింది తను. ఎలోదియా వంగి ఆ మచ్చ మీద పెదవులు ఆనించింది. కన్నీళ్లు తల్లి నెత్తి మీద పడ్డాయి. ముసలమ్మ చెయ్యి వెనక్కి పెట్టి, కూతురి మణికట్టు పట్టుకుని కాసేపు అలాగే ఉంచింది.

"కానీ, వెయ్యి," అంది చివరికి. "చీకటి పడితే వీడికి కాగితం కనపడదు."

"పాపిడి మధ్యలోంచి తియ్యనా?"

"తీస్తే శుక్రవారం కూకా చూస్తుంది. ఏమిటది అని అడుగుతుంది."

ఎలోదియా దువ్వెన పట్టుకుని ఆగింది.

"తియ్యి," అంది తల్లి. "అడగనీ."

ఎలోదియా కళ్లు తుడుచుకుని, జుట్టును రెండు పాయలు చేసి, పాపిడిని నుదుటి నుంచి సూటిగా ఆ మచ్చ మీదుగా తీసింది.